కోచ్‌ల నుంచి జవాబు రాకపోతే

టెన్త్ గ్రేడ్ చదువుతున్న మీ అమ్మాయి ఇరవై మంది అమెరికా కాలేజీ టెన్నిస్ కోచ్‌లకు మెయిల్ పెట్టినా జవాబు రాలేదని రాశారు. టెన్షన్ పడకండి. అక్కడి కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమం ప్రకారం, డివిజన్ 1 (పై స్థాయి) కాలేజీల కోచ్‌లు టెన్త్ గ్రేడ్ అయ్యాక వచ్చే జూన్ 15 దాకా ఆటగాళ్ళకు రిక్రూటింగ్ (జట్టులోకి తీసుకునే) విషయంలో జవాబులు ఇవ్వకూడదు. పిల్లలు రాయడానికి మాత్రం అడ్డు లేదు. జూన్ మొదట్లో మళ్ళీ పంపించండి. అమ్మానాన్నలు కాదు, తనే రాయాలి. కోచ్‌లు చూసేది అదే. యూటీఆర్ రేటింగ్ (టెన్నిస్ ఆట స్థాయిని చెప్పే అంకె), కోత పెట్టని మ్యాచ్ వీడియో, మార్కులు జతచేస్తే చాలు.

డివిజన్ 3ని వదిలేయకండి. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు గానీ చదువులో ప్రతిభను బట్టి, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం దొరుకుతుంది. డివిజన్ 1కి హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు) కావాలి, స్కూల్ కౌన్సెలర్‌ను ఇప్పుడే కలవండి.