ఇంట్లో దొంగలు పడితే అది దోపిడీయా?

సందేహం: మేం ఊళ్లో లేనప్పుడు మా ఇంటి తాళం పగలగొట్టి బీరువా ఖాళీ చేశారు. ఫిర్యాదులో "మా ఇల్లు దోపిడీకి గురైంది" అని రాశాను. స్టేషన్ రైటరు అది కొట్టేసి "దొంగతనం జరిగింది" అని రాయించాడు. మా నష్టాన్ని చిన్నది చేసినట్టు అనిపించింది. దొంగ దొరికాడు, కొద్ది రోజులకే బయటికొచ్చి తిరుగుతున్నాడు. "ఇంత పని చేసినవాడికి ఇంతేనా శిక్ష?" అని మండిపడుతుంటే, హిందీ పాఠాలు చెప్పే మా మిత్రుడు "శిక్ష అంటే చదువు కదా, నాలుగు రోజులు చదువుకొచ్చాడనుకో" అని నవ్వాడు. చోరీ, దొంగతనం, దోపిడీ వేరువేరా? శిక్ష అన్న మాటను మనమే తప్పుగా వాడుతున్నామా?

సమాధానం: ఇల్లు గుల్లై ఉన్నప్పుడు ఎవరో మన వాక్యం దిద్దితే ఒళ్లు మండుతుంది, నిజమే. కానీ మాట విషయంలో రైటరుదే రైటు. చాటుగా తీసుకుపోతే దొంగతనం. ఎదురుగా నిలబడి, కొట్టో బెదిరించో లాక్కుంటే దోపిడి. పోయిన సొత్తు ఎంత అన్నదానికీ ఈ తేడాకీ సంబంధం లేదు. బీరువా మొత్తం ఊడ్చుకుపోయినా మీరు లేనప్పుడు చేస్తే అది దొంగతనమే. కత్తి చూపించి చేతి గడియారం ఒక్కటి లాక్కున్నా అది దోపిడే. మాట్లాడేటప్పుడు మాత్రం "ఇల్లంతా దోచుకుపోయారు" అంటాం. అక్కడ దోచుకోవడం అంటే పుల్ల మిగల్చకుండా పట్టుకుపోవడం. ఆ మాట తప్పని నేననను. ఫిర్యాదు కాగితం మీద అయితే ఆ ఒక్క మాటతో సెక్షనే మారిపోతుంది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మామూలు దొంగతనం 303వ సెక్షన్, దానికి మూడేళ్ల దాకా జైలు. నివాసపు ఇంట్లో చేస్తే 305, ఏడేళ్ల దాకా. దోపిడి 309, పదేళ్ల దాకా కఠిన కారాగారం. అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి దోపిడి చేస్తే అది 310, దానికి మన వాడుకలో ఉన్న పేరు బందిపోటు దొంగతనం. మాట మారితే ఏళ్లు మారుతున్నాయి కాబట్టి, రైటరు మీ నష్టాన్ని తగ్గించాడని మీకు అనిపించడంలో వింతేమీ లేదు. ఆయన తగ్గించింది నష్టాన్ని కాదు, మీరు పొరపాటున పెంచిన సెక్షన్‌ని.

ఈ తేడా నిన్నమొన్నటిది కాదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో సొంతదారు ఎదుట బలవంతాన చేసేది సాహసం, అతని పరోక్షంలో చేసేది స్తేయం అని విడదీసి చెప్పారు. ఒకసారి ఆగి చూడండి, సాహసం! ఇవాళ నీళ్లలో మునిగిపోతున్న పిల్లవాణ్ని కాపాడినవాడిని సాహసి అంటున్నాం. ధర్మశాస్త్రాల్లో ఆ మాట దోపిడి, హింస వంటి నేరాల పద్దు కింద ఉండేది. తెగించి చేసేది అన్న అర్థం ఒక్కటి మిగిలి, నేరం రాలిపోయింది. మాటలకు ఇలా కేసులు కొట్టేయడం మామూలే.

సాహసం పైకెక్కితే సంధి పక్కదారి పట్టింది. వ్యాకరణం చదివినవాళ్లకు సంధి అంటే సవర్ణదీర్ఘం, గుణం. సంస్కృతంలో దానికి గోడకు వేసిన కన్నం అనే అర్థం కూడా ఉంది. రాత్రిపూట అలా కన్నం వేసి దొంగతనం చేసినవాడి చేతులు నరికించి శూలానికి ఎక్కించమంది అదే మనుస్మృతి, తొమ్మిదో అధ్యాయంలో. ఇప్పటి శిక్షలు మెత్తగా ఉన్నాయని విసుక్కునేవాళ్లకు అది నచ్చుతుందేమో కానీ, నాకైతే చదువుతుంటేనే చేతులు వణుకుతాయి. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడనే కన్నపు దొంగ ఉన్నాడు. కొలతాడు మరిచిపోయి వస్తాడు, మెడలో జంధ్యంతో గోడ కొలుచుకుని కన్నం ఏ ఆకారంలో వేస్తే బాగుంటుందా అని ఆలోచిస్తాడు. నాటకం పేరు చూసి మన మ్రుచ్చుకు, అంటే పాత తెలుగు దొంగకు, అది చుట్టమనుకునేరు. అది మట్టిబండి. ఆ మ్రుచ్చు ఇప్పుడు మనం "ముచ్చు మొహం" అనే తిట్టులో మాత్రం బతికి ఉన్నాడు.

ఇక స్పెల్లింగు. మీరు దోపిడీ అని రాశారు, పత్రికలూ అలాగే రాస్తున్నాయి. అసలు రూపం దోపిడి, చివర పొట్టి గుడి. రాచుకుంటే రాపిడి, దోచుకుంటే దోపిడి. తాకిడి, ఒత్తిడి కూడా ఆ వరసలోవే. రాపిడీ, ఒత్తిడీ అని ఎవరూ రాయరు కదా. చోరీ అలా కాదు, హిందీ, ఉర్దూల దారిన వచ్చిన మాట, అక్కడే దానికి దీర్ఘం ఉంది. పక్కపక్కన ఎప్పుడూ కనబడుతుంటే చోరీ దీర్ఘం దోపిడికి అంటుకుందని నా ఊహ. చోరీ చేసిన దీర్ఘమన్నమాట. "శ్రమ దోపిడీ", "దోపిడీ వ్యవస్థ" అన్న రాజకీయ ప్రయోగాలు దాన్ని ఇంకా గట్టిపరిచాయి. ఇప్పుడు దీర్ఘం తప్పని ఎర్ర సిరాతో దిద్దను కానీ, నేను రాసేటప్పుడు మాత్రం పొట్టిదే రాస్తాను.

స్పెల్లింగు కన్నా నన్ను ఇబ్బంది పెట్టింది మీ వాక్యంలోని "గురైంది". ఇల్లు దేనికీ గురికాలేదండీ, ఇంట్లో దొంగలు పడ్డారు. తెలుగులో పంట మీద మిడతలు పడతాయి, చేలో పందులు పడతాయి, ఇంట్లో దొంగలు పడతారు. అనుకోకుండా మీదికొచ్చి పాడుచేసే దేనికైనా మనకు ఉన్న క్రియ అదే. ఇంత చక్కటి మాట చేతిలో ఉండగా "దోపిడీకి గురైంది" అని రాస్తే, బాధ మీదైనా వాక్యం ఇంకెవరిదో అనిపిస్తుంది.

శిక్ష సంగతి. మీ మిత్రుడు సగం నిజం చెప్పాడు. సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం, నేర్పడం. వేదాంగాల్లో ఉచ్చారణ శాస్త్రం పేరే శిక్ష. హిందీ ఆ అర్థాన్నే నిలుపుకుంది. కానీ దండన అనే అర్థం తెలుగువాళ్లు పొరపాటున తగిలించుకున్నది కాదు. కన్నడం, మలయాళం, మరాఠీ కూడా శిక్షను దండనగానే వాడతాయి. నేర్పే అర్థాన్ని మనం శిక్షణకు అప్పగించి ఊరుకున్నాం. కొట్టి నేర్పిన కాలపు గుర్తు ఈ రెండు మాటల చుట్టరికంలో కనబడుతుందనుకుంటాను. దండన కుటుంబంలోనే దండుగ ఉంది. ఒకప్పుడు దండుగ అంటే జరిమానా, ఇప్పుడు వృథా ఖర్చు. జరిమానా కట్టి బయటపడే దొంగల్ని చూస్తుంటే ఆ రెండో అర్థం ఎలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు!

మీ మిత్రుడి వేళాకోళానికి చట్టం నుంచే ఒక ఊతం దొరుకుతుంది. ఇది చెబితే మీకు ఇంకా మంట పుడుతుందేమో. 303వ సెక్షన్ కింద, పోయిన వస్తువు విలువ 5000 రూపాయల లోపైతే, నేరం రుజువైంది మొదటిసారే అయితే, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే, అతనికి వేసేది సమాజ సేవ. జైలు కాదు. శిక్షకు పాత "నేర్చుకోవడం" అర్థం చట్టంలోంచి మళ్లీ తొంగిచూస్తున్నట్టుంది. మీ ఇంటి కేసు ఆ కోవలోది కాదులెండి.

మీ ప్రశ్నలో దిద్దాల్సింది ఇంకొకటుంది. ఆ దొంగకు "ఇంతే శిక్ష" పడలేదు, అసలు శిక్షే పడలేదు. అతను లోపల ఉన్నది రిమాండ్‌లో, బయటికొచ్చింది బహుశా బెయిల్ మీద. విచారణ పూర్తయి నేరం రుజువైతేనే శిక్ష పడుతుంది. అప్పటిదాకా అతను నిందితుడు, ఆ తర్వాతే దోషి. "తక్కువ శిక్ష వేశారు" అన్నదానికీ "ఇంకా శిక్ష వేయలేదు" అన్నదానికీ మధ్య ఏళ్ల దూరం ఉండొచ్చు. మీ కోపం ఆ ఏళ్ల మీదైతే "జాప్యం" అనండి, బెయిల్ మీదైతే "బెయిల్" అనే అనండి. ఊరికే శిక్ష అంటే ఎవరి మీద కోపమో తెలియదు. వారం తిరక్కుండా అదే వీధిలో అతను ఎదురుపడితే ఈ పదాల తేడా మీకు ఏ మాత్రం ఊరట కాదని నాకూ తెలుసు.

ఫిర్యాదు మళ్లీ రాయాల్సి వస్తే ఇలా రాయండి: "మేం ఇంట్లో లేని సమయంలో తాళం పగలగొట్టి, బీరువాలోని వస్తువులు ఎత్తుకుపోయారు." ఆ కింద జాబితా. దొంగతనమో దోపిడో వాళ్లే తేల్చుకుంటారు. ఫిర్యాదు ఫారసీ మాట, అక్కడ దానికి కేక, మొర అని అర్థం. కాబట్టి కాస్త గొంతు పెంచినా తప్పులేదు.

చివరగా, మీరు అడగనిది ఒకటి. కోర్టు భాషలో ముద్దాయి అనే మాట వింటారు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదుదారు. మన దావా, వాళ్ల ముద్దయీ ఒకే కుదురు. తెలుగులోకి వచ్చేసరికి అది బోనులో ఇటువైపు నుంచి అటువైపుకి దూకి నేరం మోపబడినవాడైంది. మీ మిత్రుడు ఈసారి దీని గురించి కూడా ఏదో ఒకటి అంటాడు. కంగారు పడకండి, తెలుగు కాగితంలో ముద్దాయి మీరు కాదు, వాడే.