మెరైన్ కొడుకును పోగొట్టుకున్న ఇంటికి పిలిస్తే ఏం మాట్లాడాలి?

ప్రశ్న: శాన్‌డియేగోలో మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఉన్నాం. పక్కింటి దంపతుల అబ్బాయి అమెరికా మెరైన్ దళ సైనికుడిగా ఇరాక్ వెళ్ళి చనిపోయాడట, అప్పటికి పాతికేళ్ళు కూడా లేవట. వాళ్ళ కిటికీకి బంగారు రంగు చుక్క (నక్షత్రం) ఉన్న చిన్న జెండా వేలాడుతూ ఉంటుంది. మే నెలాఖరున, యుద్ధాల్లో పోయిన సైనికులను తలుచుకునే మెమోరియల్ డే నాడు భోజనానికి రమ్మన్నారు. అబ్బాయి మాట ఎత్తితే ఆవిడని ఏడిపించినట్టవుతుందేమో, ఎత్తకపోతే తప్పేమో అని ఒకటే టెన్షన్. ఇంకోటి, మెరైన్లంటే నేవీ వాళ్ళేనని నేను, కాదు వేరే అని మా వారు పందెం వేసుకున్నాం. - ఒక పాఠకురాలు

జవాబు: వెళ్ళండమ్మా, తప్పకుండా వెళ్ళండి. ఆ జెండా సంగతి ముందు చెబుతాను. యుద్ధకాలంలో ఇంట్లోవాళ్ళు సైన్యంలో ఉంటే నీలం చుక్క జెండా కట్టుకోవడం మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ అక్కడి ఆనవాయితీ, ఆ మనిషి చనిపోతే నీలం మీద బంగారు చుక్క వస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా దాన్ని వీధిలోకి కనపడేలా ఉంచారంటే కొడుకు గురించి ఎవరూ మాట్లాడకూడదని వాళ్ళు కోరుకుంటున్నట్టు నాకైతే అనిపించడం లేదు. మనవాళ్ళు పరామర్శకి వెళ్ళి ఆఖరి రోజు ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పించుకుంటారు చూడండి, అది మాత్రం వద్దు. చావు గురించి కాదు, పిల్లాడి గురించి అడగండి. ఏం తినేవాడు, ఏ ఆట ఆడేవాడు, ఇంట్లో ఎవరితో పోట్లాడేవాడు, ఇలాంటివి.

ఎందుకంటున్నానంటే, జేసన్ డన్హమ్ అని ఒక మెరైన్ కార్పొరల్ ఉండేవాడు. న్యూయార్క్ రాష్ట్రంలోనే గానీ ఆ మహానగరానికి దూరంగా ఉండే సియో అనే చిన్న ఊరివాడు, బడిలో ఆటగాడు. 2004 ఏప్రిల్ 14న ఇరాక్‌లో సిరియా సరిహద్దు దగ్గర హుసైబాలో బండ్లు సోదా చేస్తుంటే ఒకడు దిగి ఇతని గొంతు పట్టుకున్నాడు, పెనుగులాటలో వాడి చేతిలోంచి గ్రెనేడ్ జారింది. ఇతను తన హెల్మెట్ దాని మీద బోర్లించి, పైన తనే పడుకున్నాడు. పక్కనున్న ఇద్దరూ గాయాలతో బతికారు. ఇతను ఎనిమిది రోజుల తర్వాత అమెరికాలోని బెథెస్డా నేవీ ఆస్పత్రిలో అమ్మానాన్నల ముందే పోయాడు, 22 ఏళ్ళకి. 2007 జనవరిలో అధ్యక్షుడు బుష్ ఆ తల్లిదండ్రుల చేతికి అక్కడి అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చాడు.

ఇదంతా పతకం కాగితంలో ఉండే సంగతి. అతనితో ఉన్నవాళ్ళు చెప్పుకునేవి వేరు: అంతకు కొన్ని వారాల ముందే, గ్రెనేడ్ పడితే ఏం చెయ్యాలి అని బ్యారక్స్‌లో వాదన పెట్టుకుని హెల్మెట్ మూస్తే చాలదా అన్నాడని, తన కాలం అయిపోతున్నా కుర్రాళ్ళందరినీ ఇంటికి చేర్చాలని గడువు పొడిగించుకున్నాడని. నాకు పతకం కన్నా ఈ వాదన పెట్టుకునే కుర్రాడే ఎక్కువ గుర్తుంటాడు. మీ పక్కింటి అబ్బాయికి ఏ పతకమూ వచ్చి ఉండకపోవచ్చు, ఏ రోడ్డు పక్కన పేలిన బాంబుకో పోయి ఉండొచ్చు, అయినా ఇలాంటి కబుర్లు ఆ ఇంట్లో బోలెడు ఉంటాయి, వినేవాళ్ళే తగ్గిపోయి ఉంటారు.

ఇక చిన్న చిన్న జాగ్రత్తలు. వాట్సాప్ అలవాటుకొద్దీ 'హ్యాపీ మెమోరియల్ డే' అనకండి, అది పోయినవాళ్ళ రోజు. బతికున్న మాజీ సైనికులకి నవంబర్ 11 వేరే ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఒక నిమిషం అందరూ మౌనంగా నిలబడొచ్చు, మీరూ నిలబడండి. ఆ యుద్ధం చెయ్యాల్సింది కాదని మీ వారికి గట్టి అభిప్రాయం ఉంటే ఉండనివ్వండి (నాకూ ఉంది), కానీ ఆ భోజనాల బల్ల దగ్గర వద్దు. స్మశానానికి తీసుకెళ్తే సమాధి రాయి మీద చిల్లర నాణేలు కనిపిస్తాయి, ఎవరో పారేసుకున్నారని తియ్యకండి. ఒక సెంటు పెడితే వచ్చి చూసి వెళ్ళామని, పాతిక సెంట్లు పెడితే అతను పోయినప్పుడు పక్కనే ఉన్నామని గుర్తు. పులిహోర పట్టుకెళ్ళండి, మిరపకాయలు తగ్గించి.

మీ పందెం అంటారా, చెరి సగం. మెరైన్ కోర్ పరిపాలన నేవీ శాఖ కిందే నడుస్తుంది, కానీ దళం వేరు, దానికి సొంత అధిపతి ఉంటాడు, 1775 నవంబర్ 10న పుట్టిందని ఏటా పుట్టినరోజు కూడా చేస్తారు. డన్హమ్ పుట్టింది కూడా నవంబర్ 10నే, 1981లో. నేవీ వాళ్ళు ఒక యుద్ధనౌకకి ఈ మెరైన్ పేరే పెట్టుకున్నారు, 2010 నుంచి తిరుగుతోంది. కాబట్టి డబ్బులు ఎవరూ ఎవరికీ ఇవ్వక్కర్లేదు.