రోడ్డు పక్క కంపకు ఏ మిషన్ కొనాలి?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఓ పల్లె. ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు రెండు వైపులా సర్కారు తుమ్మ కమ్ముకుంది. మలుపుల్లో ఎదురుగా వచ్చే బండి కనపడక స్కూలు ఆటోవాళ్లకు రోజూ టెన్షనే. ఏటా జేసీబీతో తీయిస్తున్నాం, వానలు పడగానే మళ్లీ మొదటికే వస్తోంది. పంచాయతీ ట్రాక్టర్ ఎలాగూ ఉంది కాబట్టి దాని వెనక తగిలించే స్లాషర్ కొందామని కొందరు, చేత్తో కోసే బ్రష్ కట్టర్లు చాలని కొందరు అంటున్నారు. ఏది మేలు?

జవాబు: స్లాషర్ వద్దండీ. అది తోటల్లో సాళ్ల మధ్య గడ్డికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది గానీ, ట్రాక్టర్ ముందు నడిచి అది వెనక కోస్తుంది కదా, అంటే మీ టైర్లు ముందు ఆ ముళ్ల మీదుగానే పోవాలి. సర్కారు తుమ్మ ముల్లు సంగతి మీకు చెప్పక్కర్లేదు. పైగా రోడ్డు పక్క కాలువ వాలులోకి మామూలు స్లాషర్ అందదు, లావు మోడు తగిలితే బోల్టు తెగుతుంది, రాళ్లు లేచి రోడ్డు మీద పోయేవాళ్లకు తగులుతాయి. పక్కకు చాచి కోసే రకాలున్నాయి, కానీ మూడు కిలోమీటర్ల కోసం ఒక్క పంచాయతీ అంత ఖర్చు పెట్టడం దండగ.

జేసీబీ పెట్టినా ఎందుకు పెరుగుతోందంటే, ఈ చెట్టుకు చిగురు వేసే మొగ్గలు నేల లోపల, కాండం వేరుగా మారే చోట ఉంటాయి. బకెట్‌తో పైపైన గీకితే కాండం విరుగుతుంది, ఆ మొదలు అలాగే ఉంటుంది, ఒక్క కొమ్మ ఉన్నచోట నాలుగు లేస్తాయి. అంతకన్నా నష్టం రోడ్డుకే: అంచు మట్టి గుల్లబారి మొదటి పెద్ద వానకు కొట్టుకుపోతుంది, ఆ తర్వాత తారు అంచు విరగడం మొదలవుతుంది. మిషన్ భగీరథ పైపో ఇంటర్నెట్ కేబులో తెగితే ఆ గొడవ వేరే. అందుకే జేసీబీని లావు మోళ్లకు మాత్రమే, అదీ సన్న బకెట్‌తో, ఒక్కసారికి అద్దెకు తెచ్చుకోండి. మొదలును అడుగు లోతు నుంచి పెకలించి, గుంతను అదే రోజు పూడ్చి గట్టిగా దిమ్మిస కొట్టించండి. రోడ్డు ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్‌దా చూసుకుని ఆ శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ముందే ఒక మాట చెబితే మంచిది.

ఆ తర్వాత ఏటా చేయాల్సిన పనికి రెండు బ్రష్ కట్టర్లు చాలు. ఇంజిన్ 40 నుంచి 50 సీసీ మధ్య చూడండి, చిన్నవి పెరటి గడ్డికే. బ్లేడ్ల విషయంలో పిసినారితనం వద్దు. లేత గడ్డికి నైలాన్ తీగ, వయ్యారిభామకూ ముదురు గడ్డికీ మూడు పళ్ల బ్లేడు, బొటనవేలు లావు కొమ్మలకు గుండ్రటి రంపం బ్లేడు. అంతకన్నా లావైతే గొడ్డలే. హరితహారం మొక్కల దగ్గర మాత్రం నైలాన్ తీగ కూడా ప్రమాదమే, బెరడు చుట్టూ ఒలిచేస్తే మొక్క నిలువునా ఎండిపోతుంది, అక్కడ కొడవలి వాడండి.

కోసేవాళ్లకు ఒకటి గట్టిగా చెప్పండి: బ్లేడు ఎడమ అంచుతోనే కోయాలి. ముందువైపు కుడి అంచు మోడుకు తగిలిందంటే మిషన్ ఒక్కసారిగా పక్కకు తన్నుతుంది. ముఖానికి షీల్డు, కాళ్లకు బూట్లు ఉండాల్సిందే. చుట్టూ 15 మీటర్ల లోపు ఎవరూ రాకుండా ఒక మనిషి ఎర్ర జెండా పట్టుకుని రోడ్డు మీద నిలబడాలి. వయ్యారిభామను పూత రాకముందే కోయండి, పూశాక కోస్తే గింజలు మీరే చల్లినట్టు, ఒంటికి దురదలు అదనం.

ప్రశ్న: బ్రష్ కట్టర్ టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?

జవాబు: టూ స్ట్రోక్ తేలిక, వాలులో మోయడానికి హాయి. కానీ పెట్రోల్‌లో ఆయిల్ కొలిచి కలపాలి. పది చేతులు మారే మిషన్‌లో ఎవరో ఒకరు ఉత్త పెట్రోల్ పోసేస్తారు, పిస్టన్ పట్టేస్తుంది. పనిచేసేది ఒకే మనిషైతే టూ స్ట్రోక్, లేదంటే ఫోర్ స్ట్రోక్ తీసుకుని స్టార్ట్ చేసే ముందు ఆయిల్ చూసే అలవాటు చేయించండి. ఏ కంపెనీదైనా సరే, క్లచ్చూ కార్బురేటర్ కిట్టూ స్టార్టర్ తాడూ మీ దగ్గరి టౌన్ షాపులో దొరుకుతాయో లేదో అడిగాకే డబ్బు కట్టండి.