ఐస్ హాకీలో స్టీవ్ ఐజర్‌మన్‌ని అంత గొప్ప కెప్టెన్ అని ఎందుకంటారు?

నేను హాకీ ఆడినవాణ్ణి కాదు. స్కేట్లు ఒకే ఒక్కసారి కట్టుకున్నాను, నడుం పట్టేసి మూడు రోజులు ఆఫీసుకి సెలవు పెట్టాను. కానీ వైటూకే పుణ్యమా అని 1998లో డెట్రాయిట్ పక్కన వచ్చి పడ్డ తెలుగువాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాబట్టి చెబుతాను.

ఆ ఏడాది జూన్ 16న, ఆఫీసులో నా పక్క సీటాయన మ్యాచ్ చూద్దాం రమ్మని ఇంటికి పిలిచాడు. యాభై దాటిన భారీ మనిషి. వాషింగ్టన్‌లో స్టాన్లీ కప్ ఫైనల్, అంటే ఉత్తర అమెరికా హాకీ లీగ్‌లో అన్నిటికంటే పెద్ద కప్పు. నాలుగు మ్యాచ్‌లు ముందు గెలిచినవాళ్ళదే. ఐజర్‌మన్ జట్టు డెట్రాయిట్ రెడ్ వింగ్స్ అప్పటికే మూడు గెలిచి ఉన్నారు. నేను శాకాహారినంటే వాళ్ళావిడ చిప్స్, సాల్సా తెచ్చి పెట్టింది. ఆ రోజుల్లో ఏ ఇంటికి వెళ్ళినా మన నొసట రాసిపెట్టింది అదే. టీవీకి కళ్ళప్పగించి కూర్చున్నా పక్ (బంతి బదులు వాడే నల్ల రబ్బరు బిళ్ళ) ఎటు పోతోందో నాకు కనబడితే ఒట్టు. ఆయన లేచి అరిస్తే గోల్ పడిందని తెలిసేది.

ఆ నాలుగో మ్యాచ్ కూడా 4-1 గోల్స్‌తో గెలిచారు. కప్పు ముందు కెప్టెన్ చేతికిస్తారు. ఐజర్‌మన్ దాన్ని తీసుకెళ్ళి, చక్రాల కుర్చీలో కూర్చున్న వ్లాదిమిర్ కాన్‌స్టాంటినోవ్ ఒళ్ళో పెట్టాడు. కిందటేడు కప్పు గెలిచిన ఆరో రోజునే కారు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి, ఆటకే దూరమైన డిఫెన్స్ ఆటగాడు. జట్టంతా ఆ కుర్చీని మంచు మీద తోసుకుంటూ తిప్పారు. ఇటు తిరిగి చూస్తే మా పక్క సీటాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు, కొరకని చిప్ చేతిలోనే ఉంది.

అంకెలు కావాలంటే అవీ ఉన్నాయి. 21 ఏళ్ళకే, 1986లో కెప్టెన్ అయ్యాడు, 2006లో రిటైరయ్యేదాకా అతనే. 1988-89లో 65 గోల్స్, 90 అసిస్టులు (అంటే వేరేవాళ్ళ గోల్‌కి పాస్ అందించడం). గోల్‌కి ఒకటి, అసిస్టుకి ఒకటి చొప్పున కలిపితే ఆటగాడి పాయింట్లు. తర్వాత 1993లో స్కాటీ బౌమన్ కోచ్‌గా వచ్చి, గోల్స్ సంగతి తర్వాత, ముందు వెనక్కొచ్చి డిఫెన్స్ ఆడమన్నాడు. ఒట్టావా జట్టుకి పంపించేస్తారని పుకార్లు కూడా వచ్చాయి. అయినా మారాడు. పాయింట్లు తగ్గాయి, 42 ఏళ్ళుగా రాని కప్పు 1997లో వచ్చింది. నా లెక్కలో కెప్టెన్సీ అంటే ఇంతే, సొంత అంకెలు తగ్గించుకోవడం. సెంచరీకి నాలుగు పరుగులుంటే రెండు ఓవర్లు నమిలేవాళ్ళని నెత్తిన పెట్టుకునే మనకి ఇది ఎక్కదు. క్రికెట్‌లో ఇలాంటివాడు ఒక్కడూ లేడు, వాదనకి రాకండి. ఆఫీసుల్లో అసలే లేడు. రాత్రంతా కూర్చుని నేను సరిచేసిన ప్రోగ్రామ్‌ని తన పేరుతో క్లయింటుకి చూపించిన ప్రాజెక్టు లీడ్ కింద రెండేళ్ళు పనిచేశాను, ఆ మంట ఇంకా ఆరలేదు.

2002 నాటికి నాకు పక్ కనబడటం మొదలైంది. అప్పటికి ఐజర్‌మన్ మోకాలు అరిగిపోయింది. పడితే లేవడానికి కర్రని మంచుకి ఆనించి, ముసలాయన చేతికర్ర పట్టుకుని లేచినట్టు లేచేవాడు. లేచి మళ్ళీ ఆడేవాడు. 23 మ్యాచ్‌ల్లో 23 పాయింట్లు, మూడో కప్పు. ఆ ఆగస్టులో మోకాలి ఎముక కోసి సరిచేశారు.

2007 జనవరిలో, ఆ నంబరు ఇక ఎవరికీ ఇవ్వమని గౌరవంగా, అతని 19 నంబరు బ్యానర్‌ని స్టేడియం పైకప్పుకి ఎత్తారు, మూలన కెప్టెన్ గుర్తు ‘సి’ అక్షరంతో సహా. 2019లో అదే జట్టుకి జనరల్ మేనేజర్‌గా తిరిగొచ్చాడు. దాని గురించి మాత్రం నన్ను కదిలించకండి, బీపీ మాత్ర వేసుకోవాల్సొస్తుంది.