హబ్బు మూత లేని ట్రాలీ గురించి అల్లునికి

చిరంజీవి అల్లునికి హాలియా నుంచి మీ మామ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. మీ అత్త మోకాళ్ల నొప్పి ఎప్పటి లెక్కనే ఉంది.

మొన్న ఫోన్ల మాట నడుమ ఒక మాట అన్నవ్. "మామా, కొన్న ట్రాలీ ఎడమ చక్రానికి మూత లేదు, రేకు ముక్క పెట్టి తీగ చుట్టిన, మంచిగనే నడుస్తున్నది" అని. నువ్వు నవ్వుకుంటనే అన్నవ్ గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. ఫోన్ల చెప్తే సగం నీ చెవిల పడ్తది, సగం ట్రాక్టర్ చప్పుడుల పోతది. అందుకే కూసోని రాస్తున్న.

నేను గూడ గట్లనే తీగ చుట్టినోన్నే. నీకు అప్పుడు నాలుగైదేండ్లు ఉంటయ్. యాసంగి వడ్లు మిర్యాలగూడ మిల్లుకు తోలుతున్నం. కుడి చక్రం మూత ఏ పొలం గట్టు కాడ ఊడిపోయిందో తెల్వదు. కొబ్బరినూనె డబ్బా మూత పెట్టి బైండింగ్ తీగతోని కట్టిన. నాలుగు ట్రిప్పులు మంచిగనే పోయినయ్. ఐదో ట్రిప్పుకు చీకటి పడ్డది, అరవై బస్తాల లోడు. ఎనుక కెళ్లి సన్నగ ఈల ఏసినట్టు చప్పుడు. టైరు రాసుకుంటున్నదేమో అనుకున్న. జర సేపటికి మాడు వాసన. దిగి చూద్దామని పక్కకు తీస్తనే ఉన్న, అంతల్నే ట్రాలీ ఒక దిక్కు కూలబడ్డది. నా చక్రం నా ముంగటి నుంచే ఉరుక్కుంట పోయి కాల్వ కట్ట కాడ పడ్డది. ఎదురుంగ ఎవ్వరు రాలే గాబట్టి బతికినం. ఆ రాత్రంత రోడ్డు మీద వడ్ల కాడ కావలి పండుకున్న. బేరింగు పోయింది, చక్రం నడుమ ఉండే హబ్బు పోయింది, ఇరుసు కొన అరిగి లేత్ షాపు పాలయింది. మిల్లు కాడ వరుస తప్పి ఇంకో రెండు రోజులు. మూత కొనుక్కుంటే ఒక్క పూట టిఫిన్ పైసలు.

ఆ మూత అందం కోసం పెట్టింది కాదు. హబ్బు లోపల రెండు బేరింగులుంటయ్, లోపలి దిక్కు పెద్దది, బయటి దిక్కు చిన్నది. రెండింటి నడుమ గ్రీజు. లోపలి దిక్కు ఎనుక ఆయిల్ సీలు అనే రబ్బరు రింగు కాపల, బయటి దిక్కు మూత కాపల. మూత పోతే దుమ్ము సక్కగ బయటి బేరింగు మీదనే పడ్తది. మీ అచ్చంపేట దిక్కు ఎర్ర దుబ్బ సంగతి నాకు ఎరుకనే. దుబ్బ గ్రీజుల కలిస్తే అది ఇంక గ్రీజు కాదు, సాన పట్టే పిండి. బేరింగుల తిరిగే ఇనుప రోలర్లను అదే నూరుతది.

కాబట్టి ఫస్టు పని, రెండు చక్రాలు ఇప్పి చూసుడు. మూత ఉన్న కుడి చక్రం గూడ. సెకండ్ హాండ్ల కొన్నదాన్ల అమ్మినోడు ఏం చెప్పినా నమ్మకు, కన్నుతోని చూసిందే లెక్క. లోడు దించి, సదునుగ ఉన్న జాగల, ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే ఉంచి బ్రేకు ఏసి, రెండో చక్రానికి ముంగట ఎనుక రాళ్లు పెట్టి జాకీ లేపు. లేపినంక ఇరుసు కింద కట్టె మొద్దు పెట్టాలె. జాకీ ఒక్కదాని మీద ఆధారపడి కిందికి తల పెట్టకు. దీంట్ల మాత్రం నీ తొందర పనికి రాదు.

ఇప్పక ముందు చక్రాన్ని మీద ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి లోపలికి బయటికి ఊపి చూడు. టకటక కొట్టుకుంటే ఆట, అంటే వదులు, ఎక్కువైనట్టు. తర్వాత చేత్తోని తిప్పి చెవి పెట్టు. మంచి బేరింగు మెత్తగ తిరుగుతది. గరగర అన్నదంటే లోపల పనయిపోయింది.

మూత తీసినంక నడుమ పెద్ద నట్టు, దానికి అడ్డంగ స్ప్లిట్ పిన్ను కనబడ్తది. మీ తాత ఎడ్లబండికి కడసీల ఉండె సూడు, చక్రం ఇరుసుల నుంచి బయటికి రాకుంట ఆపేది. ఈ పిన్ను పని గూడ అదే తీరు. పిన్ను తీసినంక నట్టు, వాచరు, బయటి బేరింగు వరుసగ వస్తయ్. ఏది ఏ చక్రంది అన్నది కలపకు, రెండు వేరే పల్లాలల్ల పెట్టు. అన్నీ డీజిల్ల కడిగి, గుడ్డతోని తుడిచి, ఎండల పెట్టి చూడు. రోలర్ల మీద నీలం రంగు తేలితే వేడికి కాలినట్టు. సన్న గుంతలు పడితే, గీతలు పడితే, అది మారుసుడే. బేరింగు మారిస్తే హబ్బుల కొట్టి ఉన్న దాని కప్పును, అంటే రోలర్లు తిరిగే బయటి రింగును గూడ మార్చాలె. పాత కప్పుల కొత్త బేరింగు పెడితే కొత్తది గూడ పాతదాని లెక్కనే అరుగుతది. సీలును మాత్రం ఇప్పినప్పుడల్ల కొత్తదే వెయ్యి, దాని దగ్గర పైసలు చూడకు.

షాపుకు పోయేటప్పుడు పాత బేరింగు జేబుల ఏసుకపో. దాని అంచుకు నెంబరు కొట్టి ఉంటది. 30210 అని ఉందనుకో, చివరి రెండంకెలు 10ని 5తోని గుణిస్తే 50, అంటే లోపలి రంధ్రం 50 మిల్లీమీటర్లు. 30208 అయితే 40. ఈ లెక్క తెలిస్తే "ఇదే సరిపోతది తీస్కపో" అని ఇంకోటి అంటగట్టలేరు.

గ్రీజు డబ్బా మీద లిథియం అని ఉన్నది తీసుకో. మెకానిక్ షాపులల్ల ఏపీ 3 అంటే తెలుస్తది. పాత రంగు గ్రీజు మీద కొత్త రంగు గ్రీజు పూయకు, కడిగి పెట్టు. రెండు రకాలు కలిస్తే ఒక్కోసారి పలుసగయి కారిపోతది. మా నాయన ఆముదంల గడ్డి కాల్చిన మసి కలిపి కందెన చేసెటోడు. మా చెల్కల ఆముదాలే, మా గడ్డే. వారానికోసారి ఇరుసుకు పెట్టెటోడు. పెట్టుడు మరిసిన పొద్దు బండి కీసుకీసుమంటే, "గది తిడుతున్నది వినబడుతలేదా" అనేటోడు. ఇప్పటి గ్రీజు అంత తొందరగ తిట్టది, గమ్మునుండి ఒక్కసారే పని జేస్తది. అరచేతిల గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు దిక్కును దానికి అదిమి అదిమి రుద్దు, ఇంకో దిక్కు నుంచి రోలర్ల సందులల్ల బయటికి వచ్చేదాక. మీద మీద పూసి పెడితే లోపలికి పోదు. చేతికి కడియం ఉంటే తీసెయ్.

బిగించుడు దగ్గరనే శానా మంది తప్పు చేస్తరు. చక్రాన్ని తిప్పుకుంటనే నట్టును జర గట్టిగ బిగించు, బేరింగు కూసుంటది. తర్వాత కొంచెం వెనక్కి వదులు, నట్టు గాడి ఇరుసు రంధ్రానికి సూటిగ వచ్చేదాక. చక్రం సులువుగ తిరగాలె, ఊపితే ఆట మాత్రం ఉండొద్దు. "గట్టిగ బిగిస్తే మంచిగుంటది" అని పానా మీద నిలబడ్డవనుకో, బేరింగు వేడెక్కి కాలిపోతది. పిన్ను ఎప్పుడు కొత్తదే, పాతది సాపు చేసి పెట్టకు. పిన్నుకు బదులు మొల పెట్టిన ట్రాలీలు గూడ చూసిన నేను, ఏమనాలె వాళ్లను!

ఇగ మూత. కొన్నిటికి మర ఉంటది, కొన్నిటికి చిన్న బోల్టులుంటయ్, కొన్ని కొట్టి ఎక్కించేటివి. బోల్టులదైతే కింద ప్యాకింగు కావాలె, మందపాటి కాగితం కత్తిరించి గ్రీజు అద్ది పెట్టు. కొట్టేదైతే నడుమ కొట్టకు, సొట్ట పడి పిన్నుకు తగులుతది. కట్టె ముక్క అడ్డం పెట్టి అంచు చుట్టు మెల్లగ కొట్టు. మూత నిండ గ్రీజు కూరకు. వేడికి గ్రీజు ఉబ్బి, పోయే తొవ్వ లేక ఎనుక సీలును నెట్టుతది. మూడింట ఒక వంతు చాలు.

నీళ్ల సంగతి గూడ యాదుంచుకో. లోడు తోలి వచ్చి, హబ్బు వేడి మీదుండంగనే డిండి వాగుల దించి కడుగకు. లోపలి గాలి సల్లబడి గుంజుకుంటది, దానితోని నీళ్లు సీలు సందులకెళ్లి లోపలికి పోతయ్. ఇప్పినప్పుడు గ్రీజు మజ్జిగ రంగుల ఉంటే గదే కారణం. సర్వీసింగ్ పిలగాడు ఫోర్సు పైపు సీలు దిక్కు పెడితే గూడ అంతే, ఆ దిక్కు కొట్టొద్దని చెప్పు. నేనైతే ఏడాదికి రెండు సార్లు ఇప్పుత, వానకాలం కోతలకు ముంగట ఒకసారి, యాసంగి కోతలకు ముంగట ఒకసారి.

చక్రం బోల్టులు ఎదురెదురు బిగించు, ఒక దిక్కు నుంచి వరుసగ కాదు. బిగించినంక 50 కిలోమీటర్లు నడిచినంక మళ్ల ఒకసారి పానా పెట్టు. నట్టు మీద నుంచి డిస్కు దాక రంగుతోని ఒక గీత గీసి పెట్టు, గీత తెగితే నట్టు కదిలినట్టు. నట్టు కింది నుంచి తుప్పు చార కారినా గదే సంగతి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటది, 2319 అంటే 2019ల 23వ వారంల చేసిందని, టైరు ఎంత పాతదో దాంతోని తెలుస్తది. గాలి టైరు మీద రాసినదాన్ని మించొద్దు.

ఇంకోటి. కురుమూర్తి జాతరకు ఆ ట్రాలీల చుట్టాలందర్ని ఎక్కిస్త అంటివి. అది సరుకు బండి, మనుషుల బండి కాదు. కొత్త బేరింగులేసినా సరే, వాళ్లను బస్సుల పంపు, సామాన్లు ట్రాలీల ఏసుకపో.

లోడు ఏసి పది కిలోమీటర్లు పోయినంక ఆపి, అరచెయ్యి ఎనుక దిక్కుతోని రెండు హబ్బులు ముట్టి చూడు. గోరువెచ్చగ ఉంటే ఏం కాదు. ఒకటి రెండోదాని కంటే ఎక్కువ కాలుతుంటే తిరిగి ఇంటికే.

పల్లి లోడు ఎత్తక ముందే ఇప్పు. ఇప్పినంక ఎడమ దిక్కు ఇరుసు కొన ఫోటో తీసి పంపు, గీతలు కనబడేటట్టు ఎండల తియ్యి. మూత అంచు అడ్డం కొలత గూడ రాయి. నా పాత ట్రాలీ మూతలు రెండు అటక మీద ఉన్నయ్, సరిపోతే దేవరకొండ బస్సుల ఏసి పంపుత.

మీ మామ