నిర్యాణమంటే మరణమేనా?

సందేహం: బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళం కొందరం కలిసి రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ కడపటి రోజుల మీద తీసిన ఇంగ్లిష్ సినిమా చూశాం. తర్వాత మాట్లాడిన పెద్దాయన, టాల్‌స్టాయ్ చీకటితో ఇల్లు వదిలిన ఘట్టాన్ని 'టాల్‌స్టాయ్ నిర్యాణం' అన్నారు. చనిపోయింది పది రోజుల తర్వాత కదా అని కొందరు అడ్డు చెప్పారు. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

సమాధానం: పెద్దాయనది తప్పని నేననను. 'యా' ధాతువుకు వెళ్ళడమని అర్థం. దానికి ముందు 'నిర్' చేరిన నిర్యాణమంటే బయటికి వెళ్ళడం, బయలుదేరడం. మీ మెట్రో స్టేషన్లలో బయటికి దారి చూపే కన్నడ బోర్డు మీద 'నిర్గమన' అని ఉంటుంది చూడండి, దాని కూర్పూ ఇదే. పత్రికలవాళ్ళు ఈ మాటను సంతాప వార్తలకే ముడేసి అసలు అర్థాన్ని మన చెవికి దూరం చేశారు. అంతటితో ఆగారా? బుద్ధుడికి 'మహాపరినిర్యాణం' అంటగడుతున్నారు. అది పరినిర్వాణం. నిర్వాణం ఆరిపోవడం, నిర్యాణం దారి పట్టడం. ఒక్క అక్షరమే కదా అని వదిలేస్తే ఎలా?

చావును ప్రయాణంగా చెప్పడంలో శ్రీనాథుణ్ణి మించినవాడు నాకు కనిపించడు. రాజాదరణ పోయి, బొడ్డుపల్లె గుత్తకు తీసుకుంటే పంట కృష్ణానది పాలై, ఏడు నూర్ల టంకాలు కట్టలేక అవమానపడ్డ ముసలితనంలో చెప్పినదంటారే, ఆ సీసపద్యం తీసి చదవండి. తనను పోషించినవాళ్ళందరూ పోయారని చెప్పాలి. వీరారెడ్డి కాశీ విశ్వేశుణ్ణి 'కలసె'నట. మైలారు విభుడు కైలాసానికి 'ఏగె'నట. తెలుంగురాయడు రంభను 'కూడె'నట. భాస్కరుడు దేవుని పాలికి 'అరిగె'నట. ఎక్కడా చచ్చాడన్న మాట లేదు, మాటకు మాట మారుతూనే ఉంది. చివరికి తన వంతు. 'దివిజకవివరు గుండియల్ దిగ్గురనగ / నరుగుచున్నాడు శ్రీనాథుడమరపురికి'. అందరికీ భూతకాలం వాడినవాడు తన దగ్గరికొచ్చేసరికి 'అరుగుచున్నాడు', అంటే వెళ్తున్నాడు, అన్నాడు. ఇంకా దారిలోనే ఉన్నాడన్నమాట. అంత దైన్యంలోనూ స్వర్గంలో ఉన్న కవి గుండె దడదడలాడాలట! ఈ పద్యం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇప్పుడు మీ టాల్‌స్టాయ్ దగ్గరికి రండి. 1910 నవంబరు 10న తెల్లవారకముందే, 82 ఏళ్ళ వయసులో, భార్య సోఫియాకు ఉత్తరం రాసిపెట్టి, డాక్టరును వెంటబెట్టుకుని తన ఇల్లున్న యాస్నయా పొల్యానా విడిచాడు. రైల్లో జబ్బుపడి అస్తాపొవోలో దిగి, స్టేషన్ మాస్టరు ఇంట్లో 20న కన్నుమూశాడు. ఆ పది రోజులూ ఆయన అరుగుతూనే ఉన్నాడు. ఇల్లు వదలడంతోనే నిర్యాణం మొదలైందనుకుంటే పెద్దాయన మాట రెండు విధాలా చెల్లుతుంది.

ఏనుగు కంటి కొసను కూడా అమరకోశం నిర్యాణమనే అంటుంది, దాని జోలి ఇక్కడ అక్కర్లేదు. బయలుదేరడాన్నే చెప్పే మరో మాట 'ప్రస్థానం' గతి వేరు. పాండవులకు అది తిరిగిరాని ప్రయాణం, ఇవాళ ప్రతి కొత్త హీరోకూ 'సినీ ప్రస్థానం'. బయలుదేరడమనే అర్థం ఉంది కనుక తప్పనలేను గానీ, రెండో సినిమాకే ప్రస్థానమనడం నాకు నచ్చదు.

అడ్డు చెప్పినవాళ్ళనూ తప్పుపట్టను. ఈ రోజుల్లో నిర్యాణమనగానే ఎవరికైనా తోచేది చావే. పెద్దాయన 'గృహనిర్యాణం' అని ఉంటే ఈ తగాదా వచ్చేది కాదేమో.