అడవిల 60 మందితోటి లగ్గం, ఊర్ల దావత్: పైసలు ఎటు పోతున్నయ్?

హన్మకొండ నుంచి ఒక చెల్లె అడిగింది: "అన్నా, నేను ప్రైవేట్ స్కూల్ల టీచర్‌ని, ఆయనది సాఫ్ట్‌వేర్ జాబ్. ఇంక 8 నెలలకు, మాఘంల పెళ్లి. పాకాల అడవిల చెరువు పక్కన 60 మందితోటి చేస్కోవాలని ఇద్దరికీ ఆశ. బడ్జెట్ 4 లక్షలు అనుకున్నం. ఎఫ్‌డీల 2,60,000 ఉన్నయ్, ఇద్దరం కలిసి నెలకు 35,000 దాచగలం. నాన్నేమో యాటలు కోయకుండా, ఊరోళ్లను పిలవకుండా పెళ్లేంది అంటున్నడు. తన దగ్గర లక్షన్నర ఉంది, ఇంకో 3 లక్షలు రెండ్రూపాల మిత్తికి తెస్తా అంటున్నడు. ఏం చేయమంటరు?"

చెల్లె, ముందు జాగ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అడ్వాన్స్ పోయేది అక్కడనే. పాకాల అభయారణ్యం, నేషనల్ పార్క్ కాదు, మన రాష్ట్రంల నేషనల్ పార్కులు మూడూ హైదరాబాద్ చుట్టే ఉన్నయ్. కానీ అభయారణ్యమైనా 1972 వన్యప్రాణి చట్టమే వర్తిస్తది, లోపలికి పర్మిషన్ ఇచ్చేది టూరిజానికి, ఫొటోలకు, రీసెర్చ్‌కి, అసొంటి పనులకే, ఆ లిస్టుల పెళ్లి లేదు. అడవికి ముప్పు అయ్యేటట్టు నిప్పు పెట్టొద్దని కూడా అండ్ల ఉంది, మరి మీకు హోమం ఉంటది, వంటోళ్ల పొయ్యిలుంటయ్, సాయంత్రం డీజే కావాలని మీ బావలెవరో అంటరు. "నేను మాట్లాడి పెడ్తా, గార్డ్ మనోడే" అనేటోళ్ల చేతిల పదివేలు పెట్టకండి. లక్నవరం దిక్కు టూరిజం కాటేజీలున్నయ్, లేకపోతే నర్సంపేట దిక్కు అడవి కనపడేటట్టు ఎవరిదన్న మామిడి తోట దొరుకుతది, అక్కడైతే మాటా రశీదూ రెండూ దొరుకుతయ్. లక్నవరం అయితే ఒకటి చూస్కోండి, మేడారం జాతర రెండేండ్లకోసారి మాఘంలనే వస్తది, దారి ములుగు మీదికెళ్లే, ఆ వారంల ముహూర్తం పడితే బస్సు దొరకదు, దొరికినా వాడు చెప్పిందే రేటు.

ఇగ లెక్క. 2,60,000కు ఎనిమిది నెలల 2,80,000 కలిపితే 5,40,000 అయితది. అండ్ల లక్షన్నర ముట్టొద్దు, పెళ్లయినంక కిరాయి ఇంటి అడ్వాన్స్, గ్యాస్, మంచం, ఏదన్న హాస్పిటల్ ఖర్చు వస్తే అదే దిక్కు. మిగిలేది 3,90,000. అంటే మీ 4 లక్షల అంచనా దాదాపు కరెక్టే, మీ ఇద్దరి మీద నాకు ఫికర్ లేదు. నెలనెలా దాచేది ఆర్డీల వేయండి, ఎనిమిది నెలల పైసలను షేర్లల్ల పెట్టుడు వద్దు.

నా ఫికరంతా రెండో పెళ్లి గురించి. అంటే అడవిల ఒకటి అయినంక "మావాళ్ల కోసం" అని హాల్ల చేసే రిసెప్షన్. నేను చూసిన చిన్న పెళ్లిళ్లల్ల సగం ఇక్కడనే మునిగినయ్. 400 మందికి ప్లేటు 450 అనుకున్నా 1,80,000, హాలు, డెకరేషన్ ఇంకో 80,000, ఫొటోగ్రాఫర్ మళ్ల ఒకరోజు, మళ్ల ఒక చీర. చిన్నగ చేస్కుందామని మొదలుపెట్టి ఏడు లక్షలకు తేలుతరు, అప్పుడు ఆ 60 మంది పెళ్లితోటి మిగిలిందేంది?

అట్లని నాన్నది మొండితనం అనుకోకండి. మీ ఇంట్ల బీరువల కట్నాల బుక్కు ఒకటి ఉంటది చూడండి, ఏ పెళ్లికి ఎంత చదివించిన్రో రాసేది, దారం కట్టిన పాత నోటుబుక్కు. మా ఇంట్ల దాంట్ల మా నాయిన రాత ఉంది, ఫలానా వాళ్ల బిడ్డ పెళ్లికి 116, వాళ్ల కొడుకు పెళ్లికి 516, ఒక పేజీల పక్కనే చిన్నగ "ఇత్తడి బిందె" అని. మీ నాన్న గూడ ఇరవై, ముప్పై ఏండ్ల సంది ఊర్ల అట్ల పెట్టుకుంటనే వచ్చిండు, ఇప్పుడు ఆ ఊరోళ్లు తన ఇంటికి రావాలె, అది ఆయనకు బాకీ అసొంటిది. పెళ్లికి వచ్చే కట్నాల మీద మీకు ఇన్‌కమ్ టాక్స్ కూడా ఉండదు. కానీ అవి వస్తయని లెక్కేస్కొని అప్పు చేయొద్దు. ఆ 116 ఇయ్యాల 500 అయి వచ్చినా, మీరు ఆ మనిషికి పెట్టే మటన్ బువ్వకు సరిపోతది, అంతే.

ఇగ మిత్తి. రెండ్రూపాలు అంటే చిన్నగ వినపడ్తది, ఏడాదికి 24 శాతం అది. 3 లక్షలకు నెలకు 6,000, మూడేండ్లకు 2,16,000 కట్టినా అసలు 3 లక్షలు అట్లనే నిలబడి ఉంటది. అదే బ్యాంకుల 13 శాతానికి మూడేండ్ల లోన్ అయితే నెలకు 10,100 చిల్లర, మొత్తం మిత్తి 64,000 లోపు, అసలు గూడ తీరిపోతది. చిట్టీ ఎత్తుదాం అంటరు గావచ్చు, మన వరంగల్ల చిట్టీ లేని ఇల్లు తక్కువ కదా, కానీ 5 లక్షల చిట్టీ మొదట్ల పాట లక్షా ఇరవై వేలకు పోతే చేతికి వచ్చేది 3,80,000, పైంగ జమానతుకు ఇద్దరు ఉద్యోగస్తులను పట్టాలె. నన్నడిగితే ఈ మూడిట్ల ఒక్కటి గూడ వద్దు.

నాన్న దగ్గరున్న లక్షన్నరతోటే ఊర్ల దావత్ చేయమనండి. హాల్ వద్దు, ఇంటి ముంగట షామియానా. 300 మందికి తలకు 350 చొప్పున 1,05,000, వంటోళ్లకు, షామియానాకు, గిన్నెలకు 30,000. ఇంకో 15,000 చేతిల ఉంటయ్. యాటలు ఆయన ఇష్టం, పిలిచేది ఆయన, కట్నాల బుక్కు పట్టుకొని కూసుండేది ఆయనే. మీరిద్దరు అడవి పెళ్లికి కట్టిన బట్టలే కట్టుకొని పోతరు. ఈ మాట ముహూర్తం పెట్టకముందే, నాన్న ఆ మిత్తి మనిషితోటి మాట్లాడకముందే కావాలె.

ఇంకో మాట, ఆడపిల్ల పెళ్లికి సర్కారిచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 ఏడాదికి 2 లక్షల ఆదాయం దాటిన ఇండ్లకు రాదు. తోటకో కాటేజీకో అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు యూపీఐల కొట్టండి, ఒక ఫంక్షన్ కోసం 2 లక్షలు, అంతకు మించి క్యాష్ తీసుకునుడు తీసుకునేటోళ్లకే తప్పు. వాన పడితే, డేట్ మారితే ఎంత వాపస్ ఇస్తరో రశీదు మీదనే రాయించుకోండి. జనరేటర్ డీజిల్ ఎవరిదో అది గూడ.